అస్కాలె పేరున రాసిన ఉత్తరం

మా గోడకి అవతల షిటాయె ఇంజెర అట్లు కాలుస్తుంది. తెల్లారేసరికి ఆమె పెనం వేడెక్కుతుంది, పులిసిన పిండి వాసన మా ఇంట్లోకి వస్తుంది, అప్పుడు నేను లేస్తాను. ఈ దెస్సీ ఊళ్ళో, మా పేటలో ఎవరింటి సంగతీ ఫంతాయెకి తెలియకుండా దాగదని అందరూ అంటారు. నిజమే, దాగనివ్వను. ఎవరింట్లో పెళ్ళి చెడింది, ఎవరి కొడుకు బడి మానేశాడు, అన్నీ అడిగి తెలుసుకుంటాను, నలుగురికీ చెబుతాను. షిటాయె సంగతి మాత్రం ఇరవై ఆరేళ్ళుగా ఎవరికీ మొత్తంగా చెప్పలేదు. చెబితే అందులో సగం నేనే ఉంటాను.

షిటాయె తల్లి అస్కాలె. మొగుడు లారీ బోల్తాపడి పోయినప్పుడు పిల్లకి మూడేళ్ళు. అప్పటినుంచి ఊళ్ళో మూడు హోటళ్ళకి ఇంజెర కాల్చి ఇచ్చేది. పొగకి కళ్ళు ఎప్పుడూ ఎర్రగా ఉండేవి. చదువు రాదు. నేను ఐదో తరగతి దాకా చదివాను కాబట్టి మా వరస ఆడవాళ్ళందరి ఉత్తరాలూ నేనే రాసేదాన్ని, వచ్చినవి నేనే చదివి వినిపించేదాన్ని. ఆ పని నాకు ఇష్టం. ఎవరి ఇంట్లో ఏముందో అడగకుండానే తెలిసిపోయేది.

పిల్ల బాగా చదివేది. పన్నెండో తరగతిలో, పెద్ద పరీక్షకి ముందు, ఏ చదువు కావాలో, ఎక్కడ కావాలో వరసగా రాసివ్వమని బడిలో ఒక కాగితం ఇచ్చారు. ఆ సాయంత్రం అస్కాలె ఇంట్లో కాఫీ కాస్తున్నారు. మాలో కాఫీ మూడు విడతలు, మూడోది తాగాకే లేవాలి; మొదటి విడత తాగుతూ ఉండగానే గొడవ మొదలైంది.

"ఇక్కడ టీచర్ల కాలేజీ ఉంది కదక్కా. పొద్దున వెళ్ళి సాయంత్రం ఇంటికొస్తుంది. అదే ముందు రాయించు" అంది అస్కాలె.

"నీ మొహం! లెక్కల్లో నూటికి తొంభై ఎనిమిది తెచ్చుకున్న పిల్లకి టీచర్ల కాలేజీయా?"

"మిగతా రెండు మార్కులూ ఏం చేసిందట?"

"అమ్మా!" అంది షిటాయె.

"రాజధానిలో పెద్ద విశ్వవిద్యాలయం అని రాయవే. అన్నిటికంటే పైన రాయి. నీలాంటివాళ్ళకి కాకపోతే ఆ గేటు ఎవరికోసం కట్టారు?" అన్నాను.

"అక్కా, అక్కడ దీనికి తిండి ఎవరు పెడతారు?"

"ప్రభుత్వం పెడుతుంది. మూడు పూటలా."

"ప్రభుత్వానికి దీని సంగతి ఏం తెలుసు? పొద్దున్నే ఏదీ తినదు. ఎవరో ఒకరు వెంట పడాలి."

"ఇద్దరూ అరవకండి. కాగితం ఒక్కటే ఇచ్చారు, కొట్టేసి రాస్తే తీసుకోరు" అని షిటాయె కలం పట్టుకుని కూర్చుంది. అమ్మ వైపు చూసింది, నా వైపు చూసింది. అస్కాలె చివరికి చెయ్యి ఊపింది. "నేను పిండి కలిపేదాన్ని. నాకేం తెలుసు? ఫంతాయె పెద్దమ్మ చెప్పినట్టు రాయి."

అలాగే రాసింది.

ఆ ఏడు మా హైస్కూలు నుంచి మూడు వందల పైచిలుకు మంది ఆ పరీక్ష రాశారు. రాజధానిలోని పెద్ద విశ్వవిద్యాలయానికి ఎంపికైంది ఇద్దరు. ఒకడు జడ్జి గారి కొడుకు, రెండోది అస్కాలె కూతురు. బడి గోడ మీద పేరు చూసి వచ్చిన రోజు మా పేట ఆడవాళ్ళందరం నాలుకలు ఆడిస్తూ కేకలు పెడితే కొండ మీద మసీదు దాకా వినిపించిందట. అస్కాలె మాత్రం పెనం దగ్గరే ఉంది. హోటళ్ళకి ఇవ్వాల్సింది ఇంకా సగం మిగిలే ఉంది. కాలుస్తూ ఏడిచింది, ఏడుస్తూ కాల్చింది. ఆ రోజు ఇంజెర చిల్లులు సరిగ్గా పడలేదని హోటలువాడు గొణిగాడు కూడా.

సెప్టెంబరులో మా కొత్త సంవత్సరం పండుగ వెళ్ళాక పిల్లని బస్సెక్కించాం. వేయించిన బార్లీ ఒక సంచి, కారం కలిపిన సెనగపిండి ఒక డబ్బా. డ్రైవరు మెంగెషా మా పేటవాడే, వారానికి రెండుసార్లు రాజధానికి వెళ్ళొచ్చేవాడు. ఉత్తరాలు వాడి చేతే పంపేవాళ్ళం, టపా కంటే త్వరగా అందేవి.

అస్కాలె వచ్చి నా ఎదురుగా పీట వేసుకుని చెప్పేది, నేను రాసేదాన్ని.

"రాయక్కా. పిల్లి నాలుగు పిల్లల్ని పెట్టింది. తెల్లది నీకోసం ఉంచాను అని."

"విశ్వవిద్యాలయానికి పిల్లి గురించి ఉత్తరమా? పక్కనున్న పిల్లలు చదివితే నవ్వరూ?"

"నవ్వితే నవ్వనీ. రాయి."

నేను రాసేది కాదు. 'నీ చదువు మీదే మా అందరి ఆశా, కాలం వృథా చెయ్యకు' అని రాసేదాన్ని. చదివి వినిపించేటప్పుడు మాత్రం మధ్యలో పిల్లిని కలిపి చదివేదాన్ని. అస్కాలె తృప్తిగా తల ఊపేది. అప్పుడు అది నాకు తప్పుగా తోచలేదు. రాయడం తెలిసినదాన్ని, మాట సరిచేసి పెడుతున్నాననుకున్నాను.

మెంగెషా ఒకసారి నన్ను పక్కకి పిలిచాడు. "అక్కా, అక్కడ మొదటి అర్ధ సంవత్సరం పరీక్ష ఒకటుంది. అందులో తప్పినవాళ్ళని ఇళ్ళకి పంపేస్తారు. గెన్న పండుగ వెళ్ళగానే కదా, గెన్న పట్టభద్రులు అని వాళ్ళకి పేరు. పోయిన ఏడాది నా బస్సులోనే ఏడుగురిని మోసుకొచ్చాను, పెట్టెలతో సహా. ఒక్కడూ దారిలో నోరు విప్పలేదు."

"మా షిటాయెకి ఆ గతి పట్టదు."

"పట్టదులే. చెప్పాను, అంతే."

ఆ మాట నాలో ముల్లులా ఉండిపోయింది.

క్రీస్తు పుట్టిన పండుగ గెన్నకి ఇంకా నాలుగు వారాలుందనగా అస్కాలెకి జ్వరం వచ్చింది. రెండు రోజులు అలాగే పెనం ముందు కూర్చుంది. మూడో రోజు ఊపిరి ఆడక ఆసుపత్రికి మోసుకెళ్ళాం. ఊపిరితిత్తులంతా నిమ్ము పట్టిందన్నారు. బుధవారం పొద్దున పోయింది. మధ్యాహ్నానికి చర్చి ఆవరణలో మట్టి చేశాం. మా చావుల సంఘం వాళ్ళు డేరా వేశారు, బెంచీలు తెచ్చారు, ముసల్మాను ఇళ్ళవాళ్ళు కాఫీ కాచి తెచ్చారు.

డేరా కింద కూర్చున్నప్పుడు అందరి మనసులోనూ ఒకటే ప్రశ్న, అడిగింది మాత్రం యిమెర్ గారు. తపాలా ఆఫీసులో చేసి దిగిపోయినాయన, సంఘానికి పెద్ద.

"పిల్లకి ఎప్పుడు చెబుదాం?"

మాలో చావు కబురుకి ఒక పద్ధతి ఉంది. మెర్దో అంటాం. తల్లో తండ్రో పోయారని ఉత్తరంలో రాయరు, ఫోనులో చెప్పరు, నడి రోడ్డు మీద ఆపి చెప్పరు. పెద్దలు నలుగురు కూడి తెల్లవారే వేళ గుమ్మానికి వెళ్ళి, పట్టుకునే మనుషులు పక్కన ఉండగా, కూర్చోబెట్టి చెబుతారు. అందాకా ఆ మనిషి ముందు అందరూ మామూలుగా మసలుకోవాలి. సమయం చూసి చెప్పడం పెద్దల బాధ్యత. ఆ సమయం ఎప్పుడన్నదే ఆ రోజు మా ముందున్న ప్రశ్న.

"బస్సు ఒక్క రోజు దూరం. నేనూ ఇంకొకరూ వెళ్ళి అక్కడే చెప్పి తీసుకొద్దాం" అన్నారు యిమెర్ గారు.

"తీసుకొస్తే? ఇవాళ్టికి ఏడో వారంలో పరీక్ష. ఇప్పుడు చెబితే అది కలం పట్టుకోగలదా?" అన్నాను నేను. "ఆ సీటు కోసం అస్కాలె కళ్ళు పోగొట్టుకుంది. తల్లీ పోయి, సీటూ పోతే దానికి ఏం మిగులుతుంది? పరీక్ష రాయనివ్వండి. ఇంటికొచ్చాక పద్ధతిగా చెబుదాం."

"నలభయ్యో రోజు కూడా దాటిపోతుంది కదా ఫంతాయె?"

"దేవుడికి లెక్క తెలుసు, ఆయన కోపగించుకోడు."

అస్కాలె అన్నగారు పల్లె నుంచి వచ్చాడు. నెమ్మదైన రైతు. "మీరంతా దగ్గరుండి పెంచారు, మీ ఇష్టం" అన్నాడు. ఆడవాళ్ళందరూ నా మాటే సరైందన్నారు. విశ్వవిద్యాలయంలో ఇలాంటప్పుడు ఏం చేస్తారో, ఏ దారి ఉంటుందో మాలో ఒక్కరికీ తెలియదు. అన్నీ అడిగే నాకు ఆ ఒక్కటి అడగాలని తట్టలేదు. మెంగెషాకి నోరు విప్పవద్దని చెప్పాం. "నా నోట్లో నాలుకే లేదనుకోండి" అన్నాడు పాపం, కళ్ళు తుడుచుకుంటూ.

పదకొండో రోజున మెంగెషా షిటాయె ఉత్తరం తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఎప్పుడూ అస్కాలె ముందు విప్పేదాన్ని. ఆ రోజు చల్లారిన పెనం ముందు ఒక్కదాన్నే కూర్చుని విప్పాను.

'అమ్మా, ఇక్కడ నాకు ఏమీ బుర్రకెక్కడం లేదు. పాఠం చెప్పేవాళ్ళు గబగబా ఇంగ్లీషులో చెప్పి వెళ్ళిపోతారు. నా గదిలో పిల్లలు రాజధాని బడుల నుంచి వచ్చారు, వాళ్ళకి అంతా ముందే తెలుసు. పోయిన వారం నుంచి నిద్ర లేదు, నువ్వు కలలోకొచ్చి ఏమీ మాట్లాడకుండా నిలబడుతున్నావు. గెన్నకి నాలుగు రోజులు వచ్చి నీ పక్కన పడుకుని వెళ్తాను. రమ్మంటే వస్తాను, వద్దంటే ఉండిపోతాను. నువ్వే చెప్పు.'

రెండుసార్లు చదివాను. వస్తే డేరా గుర్తులు చూస్తుంది, ఖాళీ ఇల్లు చూస్తుంది. ఇక తిరిగి వెళ్ళదు. మెంగెషా చెప్పిన ఏడుగురూ, వాళ్ళ పెట్టెలూ నా కళ్ళ ముందు కదిలాయి. కాగితం తెచ్చుకున్నాను. ఎప్పటిలాగే అస్కాలె పేరున రాశాను.

'రావద్దు. నేను బాగానే ఉన్నాను. పండుగ ఏటా వస్తుంది, పరీక్ష మళ్ళీ రాదు. కలలు పట్టించుకోకు. పరీక్ష అయ్యాకే ఇంటి మొహం చూడు. నీ తల్లి అస్కాలె.'

రాస్తున్నప్పుడు ఒక్క మాట కూడా కొట్టేయలేదు. మంచి పని చేస్తున్నాననే అనుకున్నాను.

షిటాయె రాలేదు. పరీక్ష రాసింది. నలభయ్యో రోజు కూతురు లేకుండానే జరిపాం. అది గడిచి రెండు వారాలయ్యాక ఒక సాయంత్రం మెంగెషా బస్సు దిగి ముందు మా ఇంటికే పరుగెత్తుకొచ్చాడు. "అక్కా, షిటాయె వచ్చింది. పెట్టెతో వచ్చింది."

మర్నాడు తెల్లారే వేళకి పెద్దల్ని పిలవమని చెప్పి, పిల్లని మా ఇంటికే తీసుకొచ్చాను. అమ్మ అన్నగారి ఊరు పెళ్ళికి వెళ్ళింది, రేపు వస్తుంది అన్నాను. షిటాయె సగానికి సగం అయిపోయింది. నా మాట విని గట్టిగా ఊపిరి వదిలింది.

"ఊళ్ళో లేదా? పోనీలే పెద్దమ్మా. ఈ రాత్రికి బతికాను. అమ్మకి ఎలా చెప్పాలో దారంతా ఆలోచిస్తూనే ఉన్నాను, ఒక్క మాటా కుదరలేదు."

"ఎంతలో పోయింది?"

"కొంచెంలో. కొంచెమైనా పోయినట్టే కదా." నేను పెట్టిన పప్పు ఇంజెరలో వేలు తిప్పుతూ కూర్చుంది. "వచ్చేముందు ఆఫీసులో కాగితాలిచ్చే ఆవిడ మంచిది, పెద్దమ్మా. నా మార్కులు చూసి, ఎందుకిలా అయింది, జబ్బు చేసిందా, ఇంట్లో ఎవరైనా పోయారా అని అడిగింది. అలాంటిదేమైనా ఉంటే, పరీక్షకి ముందే చెప్పి ఉంటే, ఈ అర్ధ సంవత్సరం కొట్టేసి వచ్చే ఏడు మళ్ళీ కూర్చోబెట్టేవాళ్ళట. సీటు ఎక్కడికీ పోదట."

నా చేతిలో కాఫీ కుండ ఉంది. కింద పెట్టాలని కూడా గుర్తు రాలేదు.

"నువ్వేం చెప్పావు?"

"నిజమే చెప్పాను. ఎవరూ పోలేదండీ, మా అమ్మ బాగానే ఉంది, గెన్నకి ఉత్తరం కూడా రాసింది అన్నాను. సంతకం పెట్టించుకుంది."

ఆ రాత్రి నేను పడుకోలేదు. అది పడుకుంది. ఎన్నో వారాల తర్వాత నిద్ర పట్టిందని పొద్దున లేచి అంది. అప్పటికే యిమెర్ గారూ, మేనమామా, చర్చి పెద్దా గుమ్మం ముందు నిలబడి ఉన్నారు. వాళ్ళ వెనక తెల్ల శాలువలు తలమీదుగా కప్పుకున్న ఆడవాళ్ళు. అలాంటి గుంపు తెల్లవారుజామున గుమ్మం ముందుకొస్తే మాలో ఎవరికైనా అర్థమవుతుంది. షిటాయె ఎవరినీ నోరు తెరవనివ్వలేదు. "అమ్మేనా?" అంది. అంతే, కూలిపోయింది. ఏడుగురం పట్టుకున్నాం.

మూడో రోజు, పిల్ల కోసం మళ్ళీ వేసిన డేరా కిందే, ఏడుపులు తగ్గాక, నా పక్కకి జరిగింది.

"అమ్మ ఏ రోజు పోయింది పెద్దమ్మా?"

చెప్పాను.

వేళ్ళ మీద లెక్క పెట్టుకుంది. "మరి గెన్న ఉత్తరం?"

"నేనే రాశాను తల్లీ."

"అమ్మ పోయేముందు చెప్పిందా, అలా రాయమని?"

అప్పుడైనా నిజం చెప్పి ఉండాల్సింది. "చెప్పలేదు. కానీ అమ్మ ఉన్నా అదే అనేది" అన్నాను. షిటాయె శాలువ సరిచేసుకుని తన చోటికి జరిగింది. తర్వాత ఎప్పుడూ ఆ ఉత్తరం ఎత్తలేదు.

వారం తిరక్కుండా యిమెర్ గారిని వెంటబెట్టుకుని చర్చి ఇచ్చిన చావు కాగితంతో రాజధానికి వెళ్ళాను. ఆ పెద్ద గేటు లోపలికి అడుగు పెట్టడం నా జన్మలో అదొక్కసారే. పుస్తకాలు చంకన పెట్టుకుని, నవ్వుకుంటూ, ఎండలో గడ్డి మీద కూర్చున్న పిల్లలు. ఆఫీసులో ఆవిడ నిజంగానే మంచిది. కాగితం తిప్పి తిప్పి చూసింది.

"ఇది పరీక్షకి ముందు తేదీ కదమ్మా. అప్పుడే ఎందుకు తేలేదు?"

"పిల్లకి తెలియదు. మేమే చెప్పలేదు."

"చెప్పలేదా? ఎందుకు?"

"పరీక్ష పాడవుతుందని."

ఆవిడ కలం కింద పెట్టింది. "ఇప్పుడు నా చేతుల్లో లేదమ్మా. తల్లి చావు వల్ల చదవలేకపోయింది అని నేను రాయాలి. పిల్లకేమో అసలు తల్లి పోయినట్టే తెలియదంటున్నారు. ఆ పైన ఏ కష్టమూ లేదని సంతకం ఉంది." మాకు టీ తెప్పించింది. తాగకుండానే లేచాం.  

పన్నెండో తరగతి పెద్ద పరీక్ష మళ్ళీ బయటినుంచి కట్టవచ్చు అని బడి మాస్టారు రెండేళ్ళు చెప్పి చూశాడు. షిటాయె వినలేదు. తల్లి పెనమే వెలిగించింది. మూడు హోటళ్ళు ఐదయ్యాయి. నాలుగేళ్ళకి ఒక పిండిమర నడిపే మంచివాణ్ణి చేసుకుంది, ఇద్దరు ఆడపిల్లలు. సాయంత్రాలు మా పేట పిల్లలందరికీ లెక్కలు చెబుతుంది, పెనం పక్కన పిండి బస్తా మీద బొగ్గుతో రాసి. ఊళ్ళో ఎవరి పిల్లలు విశ్వవిద్యాలయం కాగితం నింపాలన్నా ఆమె దగ్గరికే వస్తారు. తప్పు లేకుండా నింపిస్తుంది. ఎక్కడ రాయాలో మాత్రం చెప్పదు. "మీ అమ్మని అడుగు" అంటుంది.

నాతో ఎప్పుడూ పెడసరంగా మాట్లాడలేదు. నాకు జ్వరమొస్తే గంజి కాచిపోస్తుంది. కాఫీకి పిలిస్తే వస్తుంది. అదే నాకు కష్టంగా ఉంటుంది. తిట్టి ఉంటే నేనూ ఎదురు తిట్టి, ఏడిచి, తేలికపడేదాన్ని.

పోయిన నెల ఒక పొద్దున ఆమె పెనం పక్కన కూర్చున్నాను. నాకు డెబ్భై నాలుగు వెళ్ళాయి. ఇంకెన్నాళ్ళు మోస్తానని అనిపించింది.

"షిటాయె, ఆ రోజు నేను అబద్ధం చెప్పాను. ఉత్తరం గురించి."

ఆమె పిండి చెంబు పైకెత్తి, అంచు నుంచి లోపలికి గుండ్రంగా పోస్తోంది. చెయ్యి ఆగలేదు.

"అమ్మ ఉన్నా అదే అనేదని చెప్పాను కదా. అనేది కాదు. రమ్మనేది. తిండి తిని పడుకో, తర్వాత చూద్దాం అనేది. అది నాకు రాసేటప్పుడే తెలుసు. తెలిసే రాశాను."

పెనం మీద మూత పెట్టింది. కొంగుతో చేతులు తుడుచుకుంది.

"తెలుసు పెద్దమ్మా" అంది. "అందుకే రానా అని అమ్మని అడిగాను. నిన్ను అడగలేదు."

 ఆమె మూత తీసి, ఇంజెర గడ్డి చాప మీదికి లాగి, మళ్ళీ పిండి పోసింది. పొగ నా వైపు తిరుగుతోందని కొంచెం పక్కకి జరగమంది. జరిగాను. హోటలు మనిషి బుట్ట పట్టుకుని వచ్చాడు, వాడితో లెక్క మాట్లాడింది. నేను లేచి ఇంటికొచ్చేశాను.

ఆ సాయంత్రం కాఫీకి ఆమె రాలేదు. మర్నాడు వచ్చింది. రెండో విడత దాకా కూర్చుంది.